పాత ఫ్లాట్‌కు బయానా ఇచ్చే ముందు ఇన్‌స్పెక్షన్ వాళ్లను పిలిస్తే గిట్టుబాటేనా?

హైదరాబాద్‌లో పది, పదిహేనేళ్ల నాటి ఫ్లాట్లు కొనేవాళ్ల కోసం హోమ్ ఇన్‌స్పెక్షన్ పేరుతో కొన్ని సంస్థలు పనిచేస్తున్నాయి. ఒకరిద్దరు మనుషులు పెట్టెడు పరికరాలతో వస్తారు. మూడు నాలుగు గంటలు ఇల్లంతా తిరిగి, తర్వాత ఫోటోలతో నిండిన పీడీఎఫ్ రిపోర్టు పంపుతారు. ఫీజు సాధారణంగా చదరపు అడుగుల లెక్కన ఉంటుంది, రెండు పడగ్గదుల ఫ్లాట్‌కు కొన్ని వేల రూపాయలవుతుంది.

మా తీర్పు ముందే చెప్పేస్తాం. కరెంటు, నీటి లీకేజీ, కొలతలు, ఈ మూడింటికీ ఆ డబ్బు గిట్టుబాటే. స్లాబు, పిల్లర్ల బలం గురించి రిపోర్టులో ఉండే పేజీని మాత్రం నమ్ముకుని బయానా ఇవ్వకండి. కాగితాల జోలికి వాళ్లు రారు, కాబట్టి లాయరు ఖర్చు వేరేగా ఉండనే ఉంటుంది.

ఈ సేవలో బాగా చేసేది కరెంటు పని. ప్రతి సాకెట్‌లోనూ టెస్టర్ పెట్టి ఫేజు, న్యూట్రల్, ఎర్తింగ్ సరిగ్గా ఉన్నాయో లేదో చూస్తారు. ఆర్‌సీసీబీ, అంటే కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే స్విచ్చు, ఉంటే దాని టెస్ట్ బటన్ నొక్కుతారు. పాత ఫ్లాట్లలో చాలావాటికి అది అసలు ఉండదు. ఇళ్లలో వాడేది 30 మిల్లీ ఆంపియర్లది, షాక్ కొట్టినప్పుడు ప్రాణం కాపాడేది అదే. లోడ్ ఎక్కువైనప్పుడు, షార్ట్ సర్క్యూట్ అయినప్పుడు పడిపోయే ఎంసీబీకి ఆ పని రాదు. అయితే సాకెట్ టెస్టర్‌కు దొరకని దొంగపని ఒకటుంది. ఎర్తింగ్ వైరు లేనిచోట సాకెట్ వెనకాల న్యూట్రల్ నుంచి ఎర్త్ పిన్నుకు చిన్న వైరు ముక్క కలిపేస్తారు. టెస్టర్ అన్నీ బాగున్నట్టే దీపాలు చూపిస్తుంది. ఎక్కడైనా న్యూట్రల్ వైరు తెగిందంటే మాత్రం గీజరు, వాషింగ్ మెషీన్ల లోహపు ఒంటికి కరెంటు వచ్చేస్తుంది. అందుకే వంటింట్లో ఒకటి, గీజరు దగ్గర ఒకటి, కనీసం రెండు సాకెట్ల ప్లేట్లు విప్పి చూపించమని అడగండి. స్క్రూలు విప్పడం మా పని కాదు అనే సంస్థ అయితే ఎలక్ట్రీషియన్‌ను మీరే తీసుకెళ్లండి.

ప్లేటు విప్పినప్పుడే వైరు మందం కూడా చూడొచ్చు. లైట్లకు 1.5, పవర్ సాకెట్లకు 2.5, ఏసీ, గీజర్లకు 4 చదరపు మిల్లీమీటర్లు మామూలుగా వేసే సైజులు. 2.5 వైరుకు 32 ఆంపియర్ల ఎంసీబీ బిగించి ఉంటే అది పెద్ద లోపం. ఎంసీబీ పడిపోవాల్సిన సమయానికి ముందే గోడలో వైరు కాలుతుంది. పాత ఎంసీబీ ఊరికే పడిపోతోందని పెద్దది పెట్టేస్తుంటారు, అందుకే ఇది తరచుగా కనిపిస్తుంది. కరెంటు బిల్లు తీసుకుని కాంట్రాక్టెడ్ లోడ్, అంటే కనెక్షన్‌కు మంజూరైన లోడ్, ఎంతో కూడా చూసుకోండి. ఇంట్లో మూడు ఏసీలుండి బిల్లు మీద రెండు కిలోవాట్లే ఉంటే లోడ్ పెంచుకునే ఖర్చు మీ నెత్తిన పడుతుంది.

ఇక నీళ్లు. పాత ఫ్లాట్‌లో డబ్బు మింగేది ఇదే, రిపోర్టులు తడబడేదీ ఇక్కడే.

థర్మల్ కెమెరాలో గోడ మీద నీలం మచ్చ కనిపిస్తే చెమ్మ అని రాసేస్తారు. ఆ కెమెరా చూసేది ఉష్ణోగ్రతను, తడిని కాదు. తడిసిన చోట నీరు ఆవిరవుతూ చల్లబడుతుంది కాబట్టి నీలంగా కనిపిస్తుంది, అది నిజమే. కానీ ఏసీ గాలి తగిలిన గోడ, లోపల బీమ్ ఉన్న చోటు కూడా అలాగే కనిపించొచ్చు. అందుకని ప్రతి నీలం మచ్చ ఫోటో పక్కన మాయిశ్చర్ మీటర్ రీడింగ్ ఉండాలి, దాని పక్కన అదే గోడ మీద పొడిగా ఉన్న చోటి రీడింగ్ కూడా ఉండాలి. రెండు సూదులు గుచ్చే మీటర్లు మొదట చెక్క కోసం లెక్కకట్టినవి. ప్లాస్టరింగ్ మీద అవి చూపే శాతాన్ని ఉన్నది ఉన్నట్టు తీసుకోకూడదు, ఇక్కడ ఇంత, అక్కడ అంత అనే తేడాయే పనికొస్తుంది. గోడలో ఉప్పు పేరుకుపోయి ఉంటే పొడి గోడ కూడా తడిగా చూపిస్తుంది. ఈ రెండో రీడింగ్ లేని రిపోర్టుకు లీకేజీ విషయంలో మేము సగం మార్కులే వేస్తాం.

మచ్చ దొరికాక నీళ్లు ఎక్కడి నుంచి వస్తున్నాయో చెప్పాలి. పరికరం కన్నా అనుభవం తెలిసేది ఇక్కడే. బాత్రూం వాడినా వాడకపోయినా ఎప్పుడూ తడిగా ఉంటే నీళ్లొచ్చే పైపు కారుతోంది. స్నానాలు అయ్యాకే తడి పెరిగితే డ్రెయిన్ జాయింటో, వాటర్‌ప్రూఫింగో దెబ్బతింది. కిటికీ కింది మూలల్లోనో, పై అంతస్తు సీలింగ్‌లోనో వానాకాలంలో మాత్రమే కనిపిస్తే బయటి గోడ పగుళ్లు, సజ్జ, టెర్రస్. మూడింటి రిపేరు మూడు రకాలు, ఖర్చూ మూడు రకాలు. ‘డ్యాంప్‌నెస్ అబ్జర్వ్‌డ్’ అని రాసి వదిలేసిన రిపోర్టుతో ఓనరుతో బేరం ఆడలేరు.

బాత్రూం వాటర్‌ప్రూఫింగ్‌కు అసలైన పరీక్ష నీళ్లు నిలబెట్టడం. నేల మీది నీళ్లు బయటికి పోయే నహానీ ట్రాప్‌ను ఇసుక మూటతోనో ప్లగ్గుతోనో మూసేసి, గడప దాటకుండా అంగుళం లోతు నీళ్లు నింపి, టైలు మీద మట్టం దగ్గర పెన్సిల్‌తో గీత గీసి, 24 గంటలు వదిలేయాలి. మనుషులు ఉంటున్న ఇంట్లో ఓనరు దీనికి ఒప్పుకోవడం కష్టం. మూడు నాలుగు గంటల ఇన్‌స్పెక్షన్‌లో ఇది ఎలాగూ ఇమడదు. ఖాళీ ఫ్లాట్ అయితే ముందురోజే తాళం తీసుకుని నీళ్లు నింపి రమ్మని సంస్థను అడగండి. అందుకు అదనంగా కొంత తీసుకున్నా ఇవ్వండి, మొత్తం రిపోర్టులో ఎక్కువ విలువ చేసే పేజీ అదే.

ఒక సంగతి మరిచిపోకూడదు. మీ బాత్రూం కారితే ఆ మచ్చ కింది ఫ్లాట్ సీలింగ్‌లో కనిపిస్తుంది, మీ సీలింగ్‌లో కనిపించేది పైవాళ్ల బాత్రూం తప్పు. ఇన్‌స్పెక్షన్ వాళ్లు సాధారణంగా కింది ఫ్లాట్ తలుపు తట్టరు. మీరే తట్టాలి. ‘మేము పై ఫ్లాట్ కొందామనుకుంటున్నామండీ, మీ బాత్రూం సీలింగ్ ఒక్కసారి చూడొచ్చా’ అని అడిగితే కాదనేవాళ్లు తక్కువ. పైనుంచి కారుతూ ఏళ్లుగా గొడవ నడుస్తుంటే వాళ్లే కూర్చోబెట్టి చెబుతారు. ఇంట్లో బాత్రూం పైన పీవీసీ షీట్లతో ఫాల్స్ సీలింగ్ వేసి ఉంటే దాని మూత తెరిచి, టార్చి వేసి, పైపులు స్లాబును దాటే చోట చుట్టూ చూడాలి. తెల్లటి సున్నపు చారలు, చిన్న చిన్న కొమ్ముల్లా వేలాడే తెల్లటి గడ్డలు కనిపిస్తే చాలాకాలంగా నీళ్లు దిగుతున్నట్టే. అవి ఎండాకాలంలోనూ చెరిగిపోవు. అందుకే ఏప్రిల్, మే నెలల్లో చూసేవాళ్లు తడి కోసం కాకుండా ఈ చారల కోసం వెతకాలి.

సంకెన్ స్లాబ్ ఉన్న బాత్రూంలు ఇంకా మొండివి. అక్కడ స్లాబును అడుగు దాకా కిందికి దించి, ఆ గుంతను ఇటుక ముక్కలతో నింపి, పైన టైల్స్ వేసి ఉంటారు. టైల్ సందుల్లోంచి దిగిన నీరు ముందు ఆ గుంతలో చేరుతుంది. అది నిండేదాకా కింద ఏమీ కనిపించకపోవచ్చు, కాబట్టి ఒక్కరోజు పరీక్షలో బయటపడుతుందన్న భరోసా లేదు. దాని జాడ పక్క గదిలో దొరుకుతుంది. బాత్రూం గోడకు ఆనుకున్న పడగ్గదిలో స్కర్టింగ్ పైన అడుగు ఎత్తు వరకు పెయింట్ ఉబ్బి, లప్పం పొడిపొడిగా రాలుతుంటే గుంతలో నీళ్లున్నాయని గట్టిగా అనుమానించండి. ఆ గోడకు వార్డ్‌రోబ్ ఉంటే అన్నిటికన్నా కింది సొరుగు పూర్తిగా బయటకు లాగి వెనక ప్లైవుడ్‌ను వేలితో నొక్కండి. ఉబ్బి మెత్తగా తగిలినా, బూజు వాసన వచ్చినా ఇక మీటరుతో పనిలేదు. ఇల్లంతా పాత రంగుండి ఆ ఒక్క గోడకే కొత్త రంగు ఉంటే అది కూడా సాక్ష్యమే.

సంకెన్ తవ్వి మళ్లీ చేయడమంటే టైల్స్, కమోడ్, పైపులు అన్నీ తీసి కొత్తవి వేయడమే. బాత్రూం కొన్ని వారాలు మూతపడుతుంది. ధర తగ్గించమని అడగాల్సిన మొదటి అంశం ఇది.

నేల వాటం చూడ్డానికి పరికరం అక్కర్లేదు. తలుపు దగ్గర మూలలో ఒక మగ్గు నీళ్లు పోసి, ట్రాప్ వైపు వెళ్తున్నాయా, మధ్యలో మడుగు కడుతున్నాయా చూస్తే చాలు. టైల్స్‌ను కర్రతోనో నాణెంతోనో తట్టి గుల్లగా మోగేవి ఎన్ని ఉన్నాయో రిపోర్టులో రాస్తారు. హాల్లో నాలుగైదు గుల్ల టైల్స్ ఉన్నాయని గాభరా పడక్కర్లేదు. బాత్రూంలో వరుసగా ఉంటే పట్టించుకోవాలి.

నీటి ఒత్తిడి చూసే పద్ధతి కూడా తేలికే. వంటింటి నల్లా, రెండు బాత్రూంల నల్లాలు ఒకేసారి తిప్పి, ఒకదాని కింద పది లీటర్ల బకెట్ పెట్టండి. నిండటానికి రెండు నిమిషాలు దాటితే పైపుల్లో ఏదో అడ్డముంది. పాత జీఐ (జింక్ పూత వేసిన ఇనుప) పైపులున్న బిల్డింగుల్లో లోపల తుప్పు పేరుకుని రంధ్రం సన్నబడుతుంది, పొద్దున మొదట వచ్చే నీళ్లు ఎర్రగా ఉంటాయి. ఇన్‌స్పెక్షన్ వాళ్లు టీడీఎస్ (నీటిలో కరిగిన లవణాల మొత్తం) మీటర్ ముంచి ఒక అంకె రాస్తారు. ఐఎస్ 10500 అనే భారతీయ ప్రమాణం ప్రకారం తాగునీటిలో టీడీఎస్ లీటరుకు 500 మిల్లీగ్రాముల లోపు ఉండాలి, వేరే నీటి వసతి లేనప్పుడు 2000 వరకు అనుమతి ఉంది. కాఠిన్యానికి ఆ హద్దులు 200, 600. ఫ్లోరైడుకు 1.0, 1.5. టీడీఎస్ మీటర్ కాఠిన్యాన్నీ ఫ్లోరైడునూ విడిగా చెప్పదు, వాటికి ల్యాబ్ పరీక్షే గతి. బోరు నీళ్లే ఆధారమైన బిల్డింగ్ అయితే ఆ పరీక్ష ఖర్చు వృథా కాదు. అంతకన్నా ముందు అసోసియేషన్ వాళ్లను కలిసి, పోయిన ఏప్రిల్, మే నెలల్లో ట్యాంకర్లకు ఎంత పెట్టారో లెక్కల పుస్తకంలో చూపించమనండి. ఆ సంగతి ఏ రిపోర్టూ చెప్పదు.

ఇప్పుడు మాకు అభ్యంతరమున్న భాగం. కొన్ని ప్యాకేజీల్లో ‘స్ట్రక్చరల్ చెక్’ అని అదనపు డబ్బు తీసుకుని రీబౌండ్ హ్యామర్‌తో గోడల దగ్గర నాలుగు దెబ్బలు కొట్టి అంకెలు రాస్తారు. ఆ సుత్తి కొలిచేది కాంక్రీటు పైపొర గట్టిదనాన్ని. దాన్ని బట్టి బలం అంచనా వేస్తే 25 శాతం వరకు అటూ ఇటూ అవుతుందని ఆ పరీక్షకు సంబంధించిన భారతీయ ప్రమాణమే చెబుతోంది. పాత కాంక్రీటులో గాలిలోని కార్బన్ డయాక్సైడ్ చేరి పైపొర గట్టిపడుతుంది. దాంతో అంకె అసలు కన్నా ఎక్కువ వస్తుంది, అంటే ఏ బిల్డింగును ఎక్కువ అనుమానించాలో దానికే మంచి మార్కులు పడతాయి. ప్లాస్టరింగ్ తీయకుండా పెయింట్ మీదే కొడితే ఆ అంకెకు అసలు అర్థమే లేదు. ఓనరు ఇంకా అమ్మని ఇంట్లో ప్లాస్టరింగ్ ఎవరు తీయనిస్తారు? ఈ అదనపు ప్యాకేజీ వద్దనండి.

బిల్డింగ్ బలం ఫ్లాట్ లోపల తెలియదు, అంతా లప్పం, పెయింట్ కింద దాగి ఉంటుంది. బిల్డింగ్ కింద పిల్లర్ల మధ్య ఉండే స్టిల్ట్ పార్కింగ్‌లో అరగంట తిరగండి. పిల్లర్ మూలల వెంట నిలువుగా సాగిన పగుళ్లు, వాటిలోంచి దిగిన తుప్పు మరకలు, పెచ్చులూడి బయటపడ్డ చువ్వలు చూడాలి. చువ్వ తుప్పు పడితే ఉబ్బుతుంది, ఉబ్బి కాంక్రీటును లోపలినుంచి చీలుస్తుంది. అందుకే పగులు సరిగ్గా చువ్వ దారిలోనే వస్తుంది. సంపు పక్కన ఉన్న పిల్లర్లు, బాత్రూంల వరుస కిందుగా వచ్చే బీములు, టెర్రస్ మీద వాటర్ ట్యాంకు కాళ్లు, ముందు పాడయ్యేవి ఇవే. గోడకూ పిల్లరుకూ మధ్య నిలువుగా సన్నటి గీత ఉంటే అది రెండు వేర్వేరు వస్తువులు కలిసే చోటు వచ్చే మామూలు పగులు, భయపడక్కర్లేదు. బీము మీద ఏటవాలుగా ఉన్న పగులైతే స్ట్రక్చరల్ ఇంజనీరు చూసేదాకా మాట ఇవ్వకండి. టెర్రస్ మీద పెంట్‌హౌస్ ఉంటే, అది మంజూరైన ప్లాన్‌లో ఉందో లేదో కనుక్కోండి. లెక్కలో లేని అంతస్తు బరువు కింద మీ ఫ్లాట్ ఉంటుంది.

చెదల విషయంలో వాళ్లది కంటిచూపు తనిఖీ మాత్రమే. బాత్రూం ద్వారబంధాల అడుగుభాగం, అటక తలుపులు, వంటింటి సింక్ కింద చెక్క, ఈ మూడు చోట్లా స్క్రూడ్రైవర్ మొనతో నొక్కి చూడండి. బోలుగా దిగబడితే లోపల తినేశాయి.

కొలతలకు వస్తే లేజర్ మీటర్‌తో గది గదికీ కొలిచి ప్లాన్ గీసి ఇస్తారు, ఇది నిజంగా మంచి పని. ధర చెప్పేది గోడలు, మెట్లు, కారిడార్ల లాంటి ఉమ్మడి చోట్ల వాటా కలిపిన సూపర్ బిల్టప్ మీద, మీరు ఉండేది కార్పెట్ ఏరియాలో. రియల్ ఎస్టేట్ నియంత్రణ చట్టం, అంటే రెరా, నిర్వచనం ప్రకారం కార్పెట్ ఏరియా అంటే లోపలి అడ్డుగోడలు కలుపుకుని వాడుకునే నేల. బయటి గోడలు, డక్టులు, బాల్కనీలు అందులోకి రావు. ఉదాహరణకు 1,250 అడుగుల ఫ్లాట్ అడుగుకు 6,000 చొప్పున 75 లక్షలంటే, కొలిచినప్పుడు కార్పెట్ 875 అడుగులే వస్తే మీరు కట్టేది అడుగుకు దాదాపు 8,571 రూపాయలు. అదే వీధిలో చూస్తున్న రెండు మూడు ఫ్లాట్లను ఈ లెక్కలో పెడితేనే ఏది చవకో తెలుస్తుంది. రిపోర్టులో బాల్కనీని కార్పెట్‌లో కలిపేశారేమో చూసుకోండి.

రిపోర్టు బాగుందని కాగితాలు వదిలేయకండి. ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్లు, తాకట్లు చూపే ఈసీని 1983 నుంచి ఆన్‌లైన్‌లో తీసుకోవచ్చు, లింక్ డాక్యుమెంట్లన్నీ దానితో సరిపోవాలి. నిషేధిత ఆస్తుల జాబితా, అంటే 22ఏలో ఆ సర్వే నంబరు లేదని చూసుకోవాలి. ఓసీ (బిల్డింగులో ఉండొచ్చని ఇచ్చే ధ్రువపత్రం) ఉందా, యూడీఎస్ (స్థలంలో ఫ్లాటుకు వచ్చే అవిభక్త వాటా) గజాలు అన్ని ఫ్లాట్లకూ కలిపి ప్లాటు విస్తీర్ణం దాటకుండా ఉన్నాయా చూడాలి. దగ్గర్లో చెరువుంటే ఎఫ్‌టీఎల్ (చెరువు పూర్తిగా నిండినప్పుడు నీళ్లు చేరే మట్టం) హద్దు, దాని బయట ఖాళీగా వదలాల్సిన బఫర్ చూడాలి. పది హెక్టార్లు, ఆ పైన ఉన్న చెరువుకు 30 మీటర్లు, చిన్నవాటికి 9 మీటర్లు. 2024 జూలైలో చెరువులు, ప్రభుత్వ స్థలాల ఆక్రమణలను కూల్చే హైడ్రా సంస్థ వచ్చాక ఈ మాట పక్కన పెట్టే ధైర్యం ఎవరికీ ఉండకూడదు. ఇదంతా లాయరుతో చేయించాల్సిన పని.

ఎప్పుడు పిలవాలన్నది ఎవరిని పిలవాలన్న దానికన్నా ముఖ్యం. నోటిమాట మీద ధర ఒక కొలిక్కి వచ్చాక, టోకెన్ ఇవ్వకముందు పిలవాలి. అమెరికాలో ఉండి ఇక్కడ కొనే మనవాళ్లు అక్కడి అలవాటుతో పొరబడుతుంటారు. అక్కడ ఒప్పందంలో ఇన్‌స్పెక్షన్ షరతు పెట్టుకుంటే, లోపాలు బయటపడ్డప్పుడు గడువులోగా వెనక్కి తగ్గి డిపాజిట్ తీసుకోవచ్చు. ఇక్కడ ఆ షరతు రాయడం మామూలు వాడుకలో లేదు, రాసుకోకపోతే లేనట్టే. ఓనరు తొందరపెట్టి ముందే టోకెన్ అడిగితే చిన్న మొత్తమే ఇచ్చి, ఇన్‌స్పెక్షన్, లాయరు అభిప్రాయం సరిగ్గా లేకపోతే పూర్తిగా వాపసు ఇస్తామని రసీదు మీద రాయించుకోండి. దూరంగా ఉన్నవాళ్లు సంస్థను వీడియో కాల్‌లో ఉంచి పైన చెప్పిన సొరుగు, సాకెట్ ప్లేటు, పార్కింగ్ పిల్లర్లు కళ్లముందే చూపించమనాలి. పీడీఎఫ్ తర్వాత వచ్చినా ఫరవాలేదు.

సంస్థను ఎంచుకునేటప్పుడు మూడు ప్రశ్నలు చాలు. వచ్చే మనిషి సివిల్ చదివినవాడా, వాటర్‌ప్రూఫింగ్ కాంట్రాక్టులు మీరే చేస్తారా, ఈ ఫ్లాట్ బ్రోకరుతో మీకు లావాదేవీలున్నాయా? రిపేర్లు కూడా అమ్మే సంస్థకు లోపాలు పెంచి చూపాలనిపిస్తుంది, బ్రోకరు పంపిన సంస్థకు తగ్గించి చూపాలనిపిస్తుంది. ఒప్పందం చివరి పేజీలో తమ బాధ్యత ఫీజు మేరకే అని రాసి ఉందేమో చదవండి. ఉందంటే రిపోర్టు తప్పైనా మీకు తిరిగొచ్చేది ఆ కొన్ని వేలే.

రిపోర్టులో నలభై లోపాలుంటే నలభైతో బేరానికి కూర్చోకండి. గీతలు పడ్డ స్విచ్చులు, బిగుసుకున్న తలుపులు పక్కన పెట్టి బాత్రూం, వైరింగ్, పైపులు, చెదలు, వీటికి మీ మేస్త్రీతోనూ ప్లంబరుతోనూ విడిగా అంచనా వేయించుకోండి. ఆ మొత్తాన్ని ఫోటోలతో సహా ఓనరు ముందు పెట్టండి. రిపేరు ఆయన్నే చేయించి ఇమ్మనడం కన్నా ధర తగ్గించమనడమే మేలు. అమ్మేవాళ్లు చేయించే వాటర్‌ప్రూఫింగ్ రిజిస్ట్రేషన్ దాకా ఆగితే చాలన్నట్టు ఉంటుంది.

బిల్డరు తాళాలిచ్చి ఐదేళ్లు దాటని ఫ్లాట్ అయితే ఇదే రిపోర్టుకు ఇంకో ఉపయోగం ఉంది. రెరా చట్టం 14(3) సెక్షన్ కింద నిర్మాణంలో, పనితనంలో వచ్చిన లోపాలను పొజెషన్ ఇచ్చిన ఐదేళ్లలోపు తెలియజేస్తే బిల్డరు 30 రోజుల్లో సొంత ఖర్చుతో సరిచేయాలి. ఆ చట్టంలో అలాటీ (ఫ్లాట్ కేటాయింపు పొందినవారు) అన్న మాటలోకి తర్వాత కొన్నవారు కూడా వస్తారు. అలాంటి ఫ్లాట్‌కైతే రిపోర్టు మీద తేదీ, సంతకం, సంస్థ ముద్ర ఉండేలా అడిగి తీసుకోండి, పొజెషన్ లెటర్ కాపీని కూడా అమ్మేవాళ్ల దగ్గర అప్పుడే తీసుకోండి.